చివరి లైటు మసకగా ఉందా? వైరు మార్చేముందు ఈ కొలతలు తీసుకోండి

వైరు పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. అందుకే దూరంగా పెట్టిన లైటు మసకబారగానే "పొడవు ఎక్కువైంది, లావు వైరు లాగాలి" అని తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ ఒక్క కొలత తీసుకోకుండా వైరంతా పీకి కొత్తది వేసి, ఆ తర్వాత కూడా లైటు అలాగే మసకగా వెలుగుతుంటే ఏం చేయాలో తెలియక నిలబడిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. డబ్బూ పోతుంది, ఒక రోజంతా కూడా పోతుంది. రెండు నిమిషాల పని చేసి ఉంటే ఆ అవసరమే ఉండేది కాదు.

ఆ రెండు నిమిషాల పని ఇదే: లోడ్ (అంటే కరెంటు తీసుకునే లైటు, మోటారు లాంటివి) ఆన్‌లో ఉండగా, వైరు చివర, వోల్టేజ్ చూడండి.

"చూశానండీ, చివర 12 వోల్టులు బాగానే వస్తోంది" అంటారు, 12 వోల్టుల లైట్లు పెట్టుకున్నవాళ్లు. లోడ్ పీకేసి చూసి ఉంటారు. వైరులో పడిపోయే వోల్టేజ్ అంటే కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చేది. కరెంటే పారకపోతే పడిపోయేది సున్నా. వోల్టేజ్ కొలిచే మల్టీమీటరు తీసుకునే కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది కాబట్టి వెంట్రుకంత సన్నటి తీగను వంద మీటర్లు లాగినా చివర 12 వోల్టులే చూపిస్తుంది. లోడ్ లేకుండా తీసిన రీడింగ్ వల్ల వైరు తెగలేదని మాత్రమే తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. లోడ్ ఆన్ చేసి సప్లై దగ్గర ఒకసారి, చివర ఒకసారి చూడండి. ఆ రెండింటి తేడాయే మీ సమస్య. సప్లై దగ్గరే వోల్టేజ్ తక్కువగా ఉంటే వైరును వదిలేయండి, అడాప్టర్ మీ లోడ్‌కు చాలడం లేదు.

ఎప్పుడు చూసినా ఒకేలా మసకగా ఉంది

ఇది పొడవు వల్ల వచ్చే సమస్య తీరు. పొద్దున చూసినా రాత్రి చూసినా, వైరును కదిపినా కదపకపోయినా తేడా ఉండదు. లెక్క వేయండి. 1.5 స్క్వేర్ ఎంఎం మెత్తటి రాగి వైరు (సన్నటి పోగులతో ఉండేది) మీటరుకు గరిష్ఠంగా 13.3 మిల్లీఓంలు. 2.5 అయితే దాదాపు 8, 4 అయితే దాదాపు 5. లైటు 15 మీటర్ల దూరంలో ఉంటే లెక్కలోకి వచ్చే పొడవు 15 కాదు, 30 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. ఈ ఒక్కటి మర్చిపోయి సగం లెక్కతో వైరు కొనేవాళ్లే ఎక్కువ.

30 మీటర్ల 1.5 వైరు అంటే 0.4 ఓం. అందులో 5 ఆంపియర్లు పారితే 2 వోల్టులు దారిలోనే పోయాయి. 12లో 2 అంటే ఆరో వంతు, కంటికి స్పష్టంగా తెలుస్తుంది. అదే 2 వోల్టులు 230లో పోతే ఎవరూ గమనించరు. తక్కువ వోల్టేజ్ మీద నడిచేవాటికే ఈ బాధ ఎక్కువ. (ఎల్‌ఈడీ స్ట్రిప్‌లో వోల్టేజ్ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, అందుకని అసలు తేడా లెక్క కంటే కాస్త తక్కువే ఉంటుంది. లెక్క సరిగ్గా కావాలంటే పెట్టె మీద రాసిన కరెంటు కాకుండా పారుతున్న కరెంటు కొలవండి.)

మందం పెంచండి, లేదా సప్లైను లైటు దగ్గరకు జరపండి, లేదా కొత్తగా కొంటున్నట్టయితే 24 వోల్టుల స్ట్రిప్‌కు మారండి. మూడో దారి అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. అదే పవర్‌కు కరెంటు సగమవుతుంది, పడిపోయే వోల్టేజ్ సగమవుతుంది, వోల్టేజ్ రెట్టింపు కాబట్టి నష్టం శాతంలో నాలుగో వంతుకు దిగుతుంది.

స్ట్రిప్ మొదట్లో బాగా వెలిగి చివరకు వెళ్లేకొద్దీ మసకబారితే మీరు లాగిన వైరును అనుమానించకండి. స్ట్రిప్ లోపలి రాగి పట్టీ కూడా వైరే, అది చాలా పల్చగా ఉంటుంది. రెండు చివర్ల నుంచీ సప్లై ఇవ్వండి, సరిపోతుంది.

మోటారు "గుంయ్" అని మూలుగుతూ తిరగకపోవడం కూడా ఈ జాతిదే. నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకునే 230 వోల్టుల మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. నడిచేటప్పుడు 12 వోల్టులు పడిపోయే వైరులో ఆ క్షణాన 60, 70 పడిపోతాయి. కాబట్టి పొడవైన లైనుకు వైరు ఎంచుకునేటప్పుడు స్టార్టింగ్ కరెంటు చూసుకోండి.

లెక్క ప్రకారం సరిపోవాలి, అయినా సరిపోవడం లేదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒకచోట 12 వోల్టుల లైట్లు, 15 మీటర్ల దూరం. మసకగా ఉన్నాయన్నారు. 1.5 తీసేసి 2.5 వేశాను. మధ్యలో ఒక జాయింట్ బాక్సు ఉంది. టేపు శుభ్రంగా చుట్టి ఉంది, చూడటానికి బాగానే ఉందని విప్పకుండా, దానికి అటూ ఇటూ ఉన్న వైరు మాత్రం మార్చాను. లైట్లు కాస్త మెరుగయ్యాయి గానీ రావాల్సినంత రాలేదు. అప్పుడు కూర్చుని, పారుతున్న కరెంటు కొలిచి లెక్క కడితే, వైరు మింగాల్సిన దానికంటే దాదాపు ఒక వోల్టు అదనంగా ఎక్కడో పోతోంది. పాత వైరు ఉన్నప్పటి రీడింగ్‌లు రాసి పెట్టుకున్నాను కాబట్టి వాటినీ చూశాను. అప్పుడూ అదే ఒక వోల్టు తేడా. పొడవు వల్లే పోతుంటే మందం పెంచగానే ఆ తేడా తగ్గాలి కదా. తగ్గలేదంటే అది వైరులో లేదు.

టేపు విప్పితే మెలితిప్పిన రాగి నల్లగా మాడి ఉంది, టేపు లోపలి జిగురు కరిగి కారింది. దాదాపు 4 ఆంపియర్లకు ఒక వోల్టు అంటే పావు ఓం. 2.5 వైరు పావు ఓం కావాలంటే 30 మీటర్లకు పైగా ఉండాలి. అంటే రానూపోనూ వేసిన వైరంతా కలిపి ఎంత నిరోధమో, బొటనవేలి గోరంత జాయింటులో అంత ఉంది. ఆ గోరంత చోటులో 4 వాట్ల వేడి పుడుతోంది. వేడికి రాగి ఇంకా మాడుతుంది, మాడితే నిరోధం ఇంకా పెరుగుతుంది.

1826లో జార్జ్ సైమన్ ఓం ఒకే మందం, వేర్వేరు పొడవులున్న రాగి తీగలతో ప్రయోగం చేసి రాసిన సూత్రంలోనే ఈ సంగతి ఉంది. ప్రభావం (అంటే పారే కరెంటు) కావాలంటే ఏను, బీ ప్లస్ ఎక్స్ మొత్తంతో భాగించాలి. ఏ అంటే కరెంటును తోసే బలం. ఎక్స్ తీగ పొడవు, బీ మిగతా సర్క్యూట్ అంతటిదీ. తీగను ఎంత కుదించినా బీ అలాగే ఉంటుంది. మనం ఎప్పుడూ ఎక్స్ వెంట పడతాం, జాయింట్లన్నీ బీలో కూర్చుని ఉంటాయి.

గుర్తుపట్టడం ఎలాగంటే, పొడవు వల్ల పోయే వోల్టేజ్ దారి పొడవునా సమానంగా, మీటరుకింత చొప్పున పోతుంది. జాయింటులో పోయేది ఒక్కచోటే దభాలున పడుతుంది. 12, 24 వోల్టుల డీసీ లైనయితే లోడ్ ఆన్‌లో ఉంచి, మల్టీమీటరు ఒక ప్రోబ్‌ను (కొలిచే మొనను) సప్లై ప్లస్ దగ్గర ఉంచండి. రెండో ప్రోబ్‌తో అదే ప్లస్ వైరు మీద జాయింటుకు ముందు ఒకసారి, దాటాక ఒకసారి చూడండి. మంచి జాయింటుకు అటూ ఇటూ కొన్ని మిల్లీవోల్టులకు మించి తేడా రాకూడదు. వందల్లో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ప్రోబ్ చేరకపోతే ఏ సన్న తీగతోనైనా పొడిగించుకోండి. అందులో కరెంటు దాదాపు పారదు కాబట్టి దాని పొడవు రీడింగ్‌ను పాడుచేయదు. ప్లస్ అయ్యాక మైనస్ వైరు మీద కూడా ఇదే చేయండి. ప్లస్ వైపు ప్రతి స్క్రూ బిగించి, రిటర్న్ (మైనస్) వైపు చూడకుండా వదిలేసిన కేసులు నాకు ఎన్నో తగిలాయి.

ఓంలలో కొలిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. మామూలు మీటరు ప్రోబ్‌లకే 0.2, 0.3 ఓం ఉంటుంది, రెండు ప్రోబ్‌లూ తాకించి చూస్తే మీకే తెలుస్తుంది. మనం వెతికేది కూడా అంతే. పైగా మీటరు పంపేది మిల్లీఆంపియర్లలో ఉండే చిన్న కరెంటు, ఆ కాస్త కరెంటుకు చెడ్డ జాయింటు కూడా మంచిదానిలాగే కనిపించవచ్చు. లోడ్ పడ్డప్పుడే దాని రంగు బయటపడుతుంది.

మీటరు తీయకముందే అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆన్ చేయగానే బాగా వెలిగి అరగంటకు మసకబారడం, వైరు కదిపితే మిణుకుమనడం, ఒక్కచోట టేపు మెత్తబడి ఉండటం. వైరు పొడవు అరగంటలో పెరగదు.

230 వోల్టుల లైను మీద పైన చెప్పిన పద్ధతి చేయొద్దు. మెయిన్ ఆపండి, సప్లై లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోండి, ఆ తర్వాతే బాక్సులు విప్పి రంగు మారిన రాగి, కరిగిన ఇన్సులేషన్, వదులైన స్క్రూలు ఉన్నాయేమో చూడండి. చేయి తిరగని పని అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బాగు చేసేటప్పుడు నల్లబడిన రాగిని గీకి మళ్లీ మెలిపెట్టకండి. మెరిసే రాగి వచ్చేదాకా కోసేయండి. సరైన సైజు క్రింప్ (నొక్కి బిగించే లోహపు తొడుగు) గానీ టెర్మినల్ బ్లాక్ గానీ వాడండి. స్క్రూ కింద ఇన్సులేషన్ ఇరుక్కోకుండా, పోగులు సగం తెగిపోకుండా చూసుకోండి. స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్లే పోగులకు సోల్డర్ పూయకండి, సోల్డర్ ఒత్తిడికి మెల్లగా జరిగి కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది. ఫెర్రూల్ (పోగుల చివర తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి బిగించండి.

జాయింట్లూ బాగున్నాయి, లెక్క మాత్రం కుదరడం లేదు

అప్పుడు వైరు లోహం చూడండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైరు బయటికి రాగిలాగే కనిపిస్తుంది. అల్యూమినియం నిరోధం అదే మందం రాగికి 1.6 రెట్లు ఉంటుంది. 10 మీటర్లు వేస్తే 16 మీటర్లు వేసినట్టు. ఒక పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టు, అది ఇంకా ఘోరం. మందం కూడా రాసినంత ఉందో లేదో చూసుకోండి. 2.5 అని రాసి 2 ఇస్తే నిరోధం పావు వంతు పెరిగిపోతుంది.

వేడి వల్ల నిరోధం పెరగడం నిజమే, రాగికి డిగ్రీకి దాదాపు 0.4 శాతం. వైరు 20 డిగ్రీల నుంచి 70కి వెళ్తే ఐదో వంతు పెరుగుతుంది, కానీ అంత వేడెక్కుతుంటే మీరు మసక గురించి కాదు, వైరు సైజు గురించి ఆలోచించాలి. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టలో ఉంచే పెద్ద లోడ్ నడపకండి, చుట్ట పూర్తిగా విప్పండి, లోపలి వేడి బయటికి పోదు. స్కిన్ ఎఫెక్ట్, ఇండక్టెన్స్ లాంటి ఏసీ కరెంటు ప్రభావాలు ఇళ్లలో వాడే ఈ సైజు వైర్లలో పట్టించుకోనక్కర్లేదు.

పని అయ్యాక లోడ్ ఆన్‌లో ఉంచి రెండు చోట్లా వోల్టేజ్, పారే కరెంటు మళ్లీ కొలిచి బాక్సు మూత లోపల మార్కర్‌తో తేదీ వేసి రాసి పెట్టండి.