పిల్లలతో చుట్టాల ఊళ్లు తిరిగి రావాలనుకుంటే

చిన్నపిల్లల్ని తీసుకుని వరసగా నాలుగైదు ఊళ్లు తిరిగి చుట్టాలందరినీ చూసి రావాలనుకున్నప్పుడు మన టెన్షన్ అంతా టికెట్ల మీద, లగేజీ మీద ఉంటుంది. కానీ దారిలో ఉన్నంతసేపు పిల్లలు మన పక్కనే, మన కళ్లెదుటే ఉంటారు. ఎక్కువ జాగ్రత్త కావలసింది దిగాక. చాలా రోజుల తర్వాత కలిశామని అందరూ మాటల్లో పడతారు. బిడ్డ తల్లి దగ్గరుందని ఒకరు, అమ్మమ్మ దగ్గరుందని ఇంకొకరు అనుకుంటారు. బిడ్డ ఎవరి దగ్గరా ఉండదు. పైగా ఆ ఇంట్లో పసిపిల్లలు తిరిగి ఏళ్లయి ఉండవచ్చు.

అందుకే ఏ ఇంట్లో అడుగుపెట్టినా మొదట ఒకరు బిడ్డను ఎత్తుకోండి, రెండోవారు ఇల్లంతా ఒకసారి చూసి రండి. కాఫీలు, కబుర్లు ఆ తర్వాతే. ఇంటివాళ్లేమనుకుంటారోనని మొహమాటపడకండి. "వీడు అన్నీ నోట్లో పెట్టుకుంటాడు అత్తయ్యా, ఒకసారి చూసుకుంటాను" అంటే ఎవరూ తప్పు పట్టరు, వాళ్లే సాయం చేస్తారు.

చూడాల్సింది ముఖ్యంగా పెద్దవాళ్ల మందులు. బీపీకి, షుగరుకు వేసుకునే మాత్రలు మంచం పక్కన, టీవీ దగ్గర, దిండు కింద ఉంటాయి. షుగరు మాత్రల్లో కొన్ని రకాలు ఒక్కటి మింగినా పసిబిడ్డకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మన చేతిసంచిలోని మందులకూ ఇదే వర్తిస్తుంది, దాన్ని నేల మీద పెట్టకండి. తర్వాత బాత్రూమ్. కొద్దిపాటి నీళ్లున్న బకెట్లోకి తలకిందులుగా పడినా పాకే బిడ్డ తనంతట తాను పైకి లేవలేదు, అరవనూ లేదు. బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి, తలుపు గడియ వేయండి. బాల్కనీ పిట్టగోడ దగ్గర కుర్చీ, పూలకుండీ లాంటి ఎక్కడానికి వీలైనవేవీ లేకుండా చూడండి. మెట్లు, వేడి పాత్రలు, ఫినాయిల్ సీసాలు ఎలాగూ కంటపడతాయి. కంటపడనిది బిళ్లలా ఉండే చిన్న బ్యాటరీ. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే, గొంతు దిగాక ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగి ఉంటారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఎన్ని ఊళ్లు? కనీసం రెండు రాత్రులు ఉండలేని ఊరిని జాబితాలోంచి తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. రోజుకో ఊరు, రాత్రికో మంచం అయితే పిల్లలకు నిద్ర, తిండి, మలవిసర్జన మూడూ దెబ్బతింటాయి. మలబద్ధకంతో కడుపునొప్పి అని ఏడ్చే పిల్లల్ని అల్లరి చేస్తున్నారని కసరడం చూస్తే బాధేస్తుంది. దగ్గర దగ్గర ఊళ్లలో ఉన్న బంధువుల్ని ఒకే ఇంటికి రమ్మని పిలిస్తే చూడాల్సినవాళ్లందరినీ చూసినట్టే అవుతుంది, బిడ్డకూ అలుపుండదు.

బయల్దేరడానికి నాలుగైదు వారాల ముందే డాక్టరు దగ్గరకు వెళ్లి టీకాల కార్డు చూపించండి. తట్టు ఎక్కువగా ఉన్న చోటికి వెళ్తుంటే ఆరు నెలలు నిండిన బిడ్డకు కొన్నిసార్లు ఆ టీకా ముందుగానే వేస్తారు. బిడ్డ బరువు తూయించి రాసుకోండి. ఆ అంకె ప్రయాణంలో చాలా అవసరం. జ్వరానికిచ్చే పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. కానీ సీసాలన్నీ ఒకటి కావు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాములు ఉంటే ఇంకోదాంట్లో 250 ఉంటుంది. చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100 ఉండవచ్చు. ఇంట్లో వేసే కొలతనే కొత్త ఊళ్లో కొన్న సీసాతో వేస్తే మోతాదు రెట్టింపైపోవచ్చు. అందుకే వాడే సీసానే వెంట తీసుకెళ్లండి. మందు వేసేది ఎప్పుడూ ఒక్కరే, వేసిన టైమ్ ఫోన్‌లో రాయాలి. లేదంటే మీరు వేశాక, పాపం ఒళ్లు కాలిపోతోందని పెద్దమ్మ ఇంకోసారి వేస్తుంది. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు వేయకూడదు.

తిండి దగ్గర ప్రేమను కాదనడం కష్టం. అయినా ఏడాది నిండని బిడ్డ నాలుక మీద తేనె చుక్క కూడా పెట్టనివ్వకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పల్లీలు, గుండ్రటి ద్రాక్షపళ్లు, గట్టి చాక్లెట్ బిళ్లలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. బిడ్డ ఒంటికి పడని పదార్థం ఏదైనా ఉంటే వంట మొదలుపెట్టకముందే, వండేవాళ్లకే చెప్పండి. ప్రయాణాల మధ్యలో కొత్త పదార్థాలు మొదలుపెట్టకపోవడం నయం.

పసికందును ముద్దు పెట్టుకోబోయేవాళ్లను ఆపడం తల్లికి ఇబ్బందే. ఆ పని తండ్రి చేయాలి, అదీ తనవైపు బంధువులకు తనే ముందుగా ఫోన్‌లో చెప్పాలి. దగ్గు, జలుబు, పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, మిగతావాళ్లు చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు. రాత్రి పెద్దల మధ్య, దిండ్ల మధ్య పడుకోబెట్టవద్దు. గట్టి పరుపు మీద విడిగా, వెల్లకిలా పడుకోబెట్టాలి.

దారి గురించి కొంచెం. మనల్ని తీసుకెళ్లడానికి వచ్చే బంధువుల కారులో పిల్లల సీటు ఉందో లేదో ముందే అడగండి. ఒళ్లో పెట్టుకుని ఎంత గట్టిగా పట్టుకున్నా, గుద్దుకున్న క్షణంలో పిల్లల్ని చేతులు ఆపలేవు. రెండేళ్లలోపు పిల్లల సీటు వెనక్కి తిరిగి ఉండాలి. రెండు గంటలకోసారి ఆగండి. కారులో వాంతులయ్యే పిల్లలకు ఫోన్ ఇవ్వకుండా కిటికీలోంచి దూరంగా చూడమనండి. విమానం నేలకు దిగుతున్నప్పుడు పాలు పట్టిస్తే చెవి నొప్పి తగ్గుతుంది. జనం ఎక్కువున్న చోటికి వెళ్లేముందు ఆ రోజు బట్టల్లో పిల్లల్ని ఒక ఫొటో తీసుకోండి, మీ ఫోన్ నంబరు వాళ్ల జేబులో పెట్టండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ప్రతి సంచిలోనూ ఉండాలి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాలవుతున్న బిడ్డ ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, కన్నీళ్లు రాకుండా ఏడుస్తున్నా, కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరినా అంతే, వెంటనే ఆసుపత్రికి. ప్రతి ఊళ్లో పిల్లల డాక్టరుండే ఆసుపత్రి ఎక్కడో, రాత్రి తెరిచి ఉంటుందో లేదో బంధువుల్ని ముందుగానే అడిగి రాసుకోండి.

బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే తర్వాతి ఊరు మానేయండి. అక్కడ వంటలు సిద్ధం చేసి ఎదురుచూస్తున్నవాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. అలా రాలేకపోవచ్చని ఇంటి దగ్గర బయల్దేరేముందే వాళ్ల చెవిన వేసి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే టికెట్లే కొనండి.