పీ కాదు, ప్: ల్యాప్‌టాప్‌తో ఇంగ్లీషు చదవడం

కావలిలో సాయంత్రం పూట మా వరండాలో ఆరుగురు పిల్లలకి ఇంగ్లీషు చదవడం నేర్పిస్తాను. పాత ల్యాప్‌టాప్‌లో జీకాంప్రీ (GCompris) అనే పిల్లల చదువు ఆటల సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. మాటలు వినిపించే ఫైళ్లు మాత్రం ముందే దించుకోవాలి.

ఆట తెరిచే ముందు శబ్దాలు నోటికి రావాలి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్‌తో మొదలుపెట్టండి, వీటితోనే బోలెడు చిన్న మాటలు వస్తాయి. పీ అని పేరు చెప్పొద్దు, 'ప' అనీ అనొద్దు. పెదాలు మూసి గాలి వదిలి 'ప్' అనాలి. గుణింతం వచ్చిన మన పిల్లలకి ఇది తేలిక. మొన్న ఒకటో తరగతి పిల్ల 'పీ ఐ ఎన్' అని మూడుసార్లు చదివి బిక్కమొహం వేసింది. 'ప్, ఇ, న్' అంటూ తన వేలిని ఒక్కో అక్షరం కింద జరిపించాను. "పిన్!" అని అరిచి జడలోది తీసి చూపించింది. ఆ సంతోషం చూడాలి!

తర్వాత జీకాంప్రీలో తప్పిపోయిన అక్షరం ఆట. బొమ్మ పేరు, ఆ మాటలో ఖాళీగా ఉన్న అక్షరం శబ్దం నోటితో చెప్పాకే నొక్కనివ్వండి. లేకపోతే వరసగా అన్నీ నొక్కేస్తారు.

పది నిమిషాలు చాలు. వెంటనే అవే మాటలు మార్కాపురం పలక మీద రాయించి చదివిస్తాను. తడబడిన వాళ్లకి మర్నాడు మళ్లీ ప్ దగ్గర్నుంచే.