ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేవారి కోసం మార్గదర్శకాలను తిరగరాసిన అనుభవం

నేను నిర్వహణలో పాలుపంచుకుంటున్న ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీకి కొత్తవారు పంపే పుల్ రిక్వెస్టులు (తమ మార్పులను ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థనలు) తరచుగా ఒకే చోట ఆగిపోయేవి: కమిట్ (నమోదు చేసిన ఒక మార్పు) సందేశం చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస లేదని తనిఖీ స్క్రిప్టు వాటిని తిప్పికొట్టేది. లినక్స్ కెర్నల్ 2004లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి, కోడ్‌ను ఆ ప్రాజెక్టు లైసెన్సు కింద ఇచ్చే హక్కు తనకుందని పంపినవారు చేసే ధ్రువీకరణ. మా మార్గదర్శకాల్లో మాత్రం ‘డీసీఓ తప్పనిసరి’ (డీసీఓ అంటే ఆ ధ్రువీకరణే) అన్న ముక్క తప్ప, అదెలా చేయాలో ఎక్కడా లేదు.

ఆ ముక్క తీసేసి, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనమైన గిట్‌లో కమిట్ ఆదేశానికి ‘హైఫన్ ఎస్’ జోడిస్తే ఆ వరుస దానంతటదే చేరుతుందని, చివరి కమిట్‌ను సరిదిద్దాలంటే అమెండ్‌తో పాటు అదే ఆప్షన్ వాడాలని, కమిట్లు ఎక్కువగా ఉంటే వాటిని వరుసగా తిరగరాసే రీబేస్ ఆదేశానికి సైన్ఆఫ్ ఆప్షన్ ఇవ్వాలని రాశాను. చరిత్ర మారిన బ్రాంచిని (కమిట్ల వరుసను) మామూలుగా పుష్ చేస్తే, అంటే పంపితే, సర్వర్ ఒప్పుకోదు కనుక, ఫోర్స్ పుష్ (పాత చరిత్ర స్థానంలో కొత్తదాన్ని బలవంతంగా పెట్టడం) చేయాలన్న సంగతినీ చేర్చాను. అనుభవజ్ఞులు చెప్పడం మరచేది సరిగ్గా ఇదే.

మార్గదర్శకాల ఫైలు ఉన్న చోటు కూడా మార్చవలసి వచ్చింది. మూల ఫోల్డర్, డాక్స్, డాట్ గిట్‌హబ్ ఫోల్డర్లలో ఒకదానిలో ఉంటేనే, ప్రాజెక్టుల కోడ్‌ను ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్ దాని లింకును పుల్ రిక్వెస్టు తెరిచేవారికి చూపుతుంది. మాది మరెక్కడో ఉండేది.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది మార్గదర్శకాల్లోని మార్పు కాదు, తనిఖీ విఫలమైనప్పుడు కనిపించే సందేశంలోనే ఆ సరిదిద్దే ఆదేశాన్ని పూర్తిగా ముద్రించడం.