రేడియేటర్ పైన వలందా దొర

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ పక్కింటి పెద్దాయన ఓ పాత డచ్చి దొర చిత్తరువు చవగ్గా ఇచ్చేశాడు. నల్లకోటు, మడతల తెల్ల కాలరు, కాస్త విసుగు ముఖం. మాది బందరు, వలందాల (అంటే డచ్చివాళ్ల) పేరు మీదున్న వలందపాలెం దగ్గరే. అందుకేనేమో వదలబుద్ధి కాలేదు.

తెచ్చి హాల్లో గదిని వేడిచేసే రేడియేటర్ పైన తగిలించాను. అదీ నా తెలివి! జనవరికల్లా చెవి పక్కనుంచి భుజం దాకా వెంట్రుకంత చీలిక. బొమ్మ గుడ్డ మీద కాదు, ఓక్ చెక్క మీద ఉంది. గాలి ఎండిపోతే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది.

వెంటనే దించి లోపలి గోడకి మార్చాను. తేమ మీటరు పెడితే గాలిలో తేమ 28 శాతం! 50 దగ్గరికి తేవాలి, అదీ వారాల తరబడి, మెల్లగా. చీలికలో జిగురు పోద్దామనుకుంటే పాత చిత్రాలు బాగుచేసే రెస్టోరర్ గట్టిగా వద్దంది. ఆవిడే చీకట్లో అతినీలలోహిత దీపం వేసి చూపించింది: పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరిసింది, నుదుటి మీద తర్వాతెవరో పూసిన రంగు నల్లమచ్చలా తేలింది.

మూలన లాటిన్‌లో ‘ఏటాటిస్ సూయే 42’ అని ఉంది. నేను పటం నంబరు అనుకున్నాను లెండి, అది దొరగారి వయసట. హేగ్‌లోని ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ చిత్రాల జాబితాలో వెతికితే అలాంటి కాలర్లు కుప్పలు. చిత్రకారుడు మాత్రం దొరకలేదు. విలువ కట్టించేటప్పుడు బీమాకా, అమ్మకానికా అని ముందే చెప్పాలి, బీమా అంకె పెద్దది. అది చూసి మురిసిపోయాను కాసేపు.

దుమ్ముకి మెత్తటి బ్రష్షే, తడిగుడ్డ ముట్టనివ్వను. మార్చికల్లా చీలిక చాలామటుకు దగ్గరపడింది.