ఆషాఢం గాలి రాకముందే: పాత మోటారుతో గాలిమర కట్టేవాళ్లకు జాగ్రత్తలు

పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు పొలాల్లో ఏనుగుల భయానికి రాత్రిళ్లు కాపలా తప్పదు. మంచె మీద ఒక ఎల్‌ఈడీ దీపం, సెల్లు ఛార్జింగు, వీలైతే చిన్న రేడియో ఉంటే చాలు. అందుకని పాత సామాన్ల కొట్లో మోటారు కొని, పీవీసీ గొట్టం కోసి రెక్కలు చేసి, గాలిమర నిలబెడదామనే కుర్రాళ్లు ఇప్పుడు ఊరికొకరు కనిపిస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ ఆ కరెంటును ఏనుగులు రాకుండా కంచెకు ఇద్దామనే మాట మాత్రం మొదట్లోనే మానుకోండి. కంచెకు కరెంటు పెడితే మనుషులూ పోతారు, ఏనుగులూ పోతాయి, పెట్టినవాడు జైలుకు పోతాడు.

ఇక అసలు విషయం. బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగిపోతుంది. గాలిమరకు ఆ బటన్ లేదు. మనం పెట్టుకుంటేనే ఉంటుంది. చాలామంది రెక్కల మీద వారం రోజులు పనిచేసి, ఆపే ఏర్పాటును తర్వాత చూద్దామంటారు. అది తలకిందుల పని. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, మూడు రెట్లయితే 27 రెట్లు. నాలుగడుగుల వ్యాసం ఉన్న రెక్కలు గంటకు 15 కి.మీ. గాలిలో పదీ పన్నెండు వాట్లిస్తే గొప్ప. గంటకు 30 కి.మీ. గాలిలో అవే దాదాపు వంద వాట్ల దాకా వెళ్తాయి. మామిడి కాయలు రాల్చే మే నెల గాలివానలో ఎంత మీద పడుతుందో మీరే లెక్కేసుకోండి. చిత్తూరులో తమిళం మాట్లాడేవాళ్లు ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందంటారు. ఆడి నెల జులై మధ్యలో మొదలవుతుంది. పని మొదలుపెట్టేది అప్పుడు కాదు, అంతకు ముందే.

మోటారు ఎంపిక దగ్గరే సగం ప్రమాదం తప్పుతుంది. అయస్కాంతాలున్న మోటారే కావాలి. మామూలు సీలింగ్ ఫ్యాను, బోరు మోటారు, పాత కూలరు మోటారు ఇవన్నీ అయస్కాంతాలు లేని ఇండక్షన్ రకం, ఊరికే తిప్పితే కరెంటు రాదు. ట్రెడ్‌మిల్ మోటారు, ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రంలోని హబ్ మోటారు, లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయి పారేసిన, అయస్కాంతాల మోటారుతో కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను పనికొస్తాయి. అయితే ఫ్యానుది చిన్న మోటారు, దాని నుంచి దీపానికి మించి ఆశించకండి. కొట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ముందు షాఫ్టు చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత వైర్ల కొసలన్నీ కలిపి మెలిపెట్టి మళ్లీ తిప్పండి. అయస్కాంతాలు బాగుంటే బెల్లం పాకంలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది. వైర్లు విడదీయగానే మళ్లీ తేలిక. ఆ బరువే రేపు మీ బ్రేకు. కొనే ముందు ఈ తేడా మీ వేళ్లకు తెలియాలి.

మోటారుతో పాటు కండెన్సర్ (ఛార్జి నిలవ ఉంచుకునే చిన్న డబ్బా) వస్తే దాన్ని చేత్తో తాకొద్దు. హోల్డరులో ఉన్న మామూలు బల్బు వైర్లను దాని రెండు కొసలకూ ఆనించి, ఛార్జి దిగాక పక్కన పడేయండి. ఇండక్షన్ మోటారు రోటరునే (లోపల తిరిగే భాగాన్నే) లేత్ మీద తరిగి అయస్కాంతాలు అంటిస్తామనే వాళ్లకు రెండు మాటలు: తరిగే పని అంటించక ముందే అయిపోవాలి. ఒట్టి అరల్డైట్ ను నమ్మకండి, పైన గట్టి చుట్టు వేయకపోతే వేగం మీద అవి ఊడి వైండింగును (రాగి తీగ చుట్టను) చీల్చేస్తాయి. బాగా బలమైన నియోడిమియం రకం అయస్కాంతాలు రెండు దగ్గరికొస్తే మధ్యలో ఉన్న వేలు నలిగిపోతుంది. పిల్లలు మింగితే పేగులకు రంధ్రాలు పడతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ పని వేరే చోట పెట్టుకోండి.

బ్రేకు సంగతికి వద్దాం. మోటారు వైర్లను కలిపేసే గట్టి స్విచ్చు ఒకటి, నేల మీద నుంచి చేతికందే ఎత్తులో ఉండాలి. మూడు వైర్ల మోటారైతే మూడూ ఒకేసారి కలవాలి. ఈ స్విచ్చు రెక్టిఫయర్ కు (మోటారు ఏసీ కరెంటును బ్యాటరీకి డీసీగా మార్చే దిమ్మెకు) మోటారు వైపునే ఉండాలి. పొరపాటున బ్యాటరీ వైపు పెట్టారో, ఆపేది గాలిమరను కాదు, బ్యాటరీని షార్టు చేస్తున్నారు. పన్నెండు వోల్టులే కదా అనుకోవద్దు. కారు బ్యాటరీని షార్టు చేస్తే వందల ఆంపియర్లు పారి స్పానరు ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ పగలొచ్చు. రెండు వైర్ల ట్రెడ్‌మిల్ మోటారుకైతే బ్యాటరీకీ దానికీ మధ్యలో డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) తప్పనిసరి. లేకపోతే గాలి లేనప్పుడు బ్యాటరీయే దాన్ని ఫ్యానులా తిప్పుతూ తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి.

బ్రేకు వేసేది గాలి లేవక ముందు. హోరుగాలిలో పూర్తి వేగంతో తిరుగుతున్న దాన్ని ఒక్కసారిగా షార్టు చేస్తే వైండింగు కాలిపోవచ్చు, రెక్క విరగొచ్చు, అసలు ఆగకపోనూవచ్చు. అందుకని గాలి మితిమీరితే తోక ముడుచుకుని రెక్కలను పక్కకు తిప్పేసే ఏర్పాటు కూడా ఉంటే నిశ్చింత.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఛార్జి కంట్రోలర్ (బ్యాటరీ మితిమీరి ఛార్జి కాకుండా చూసే పెట్టె) దగ్గర. సోలార్ ది ఇంట్లో ఉంది కదా అని తగిలిస్తారు. బ్యాటరీ నిండగానే అది ప్యానెల్ ను వదిలేసే రకమైతే ప్యానెల్ కు ఏమీ కాదు. గాలిమరను అలా వదిలేస్తే పగ్గం తెంచుకుంటుంది. లోడు లేని రెక్కలు విపరీతంగా వేగం పుంజుకుంటాయి, పద్నాలుగు వోల్టులు రావాల్సిన వైర్ల మీద వంద దాటినా దాటుతుంది. గాలిమరకు కావాల్సింది మిగులు కరెంటును వేరే లోడుకు మళ్లించే డంప్ లోడు కంట్రోలర్. ఆ లోడుగా నీళ్లు కాచే రాడ్డు పెడతామంటారు కొందరు. 230 వోల్టుల, 1500 వాట్ల రాడ్డు పన్నెండు వోల్టుల మీద నాలుగు వాట్లు తాగుతుంది, అంతే. 12 వోల్టులకు తగ్గ నైక్రోమ్ (హీటర్లలో వాడే తీగ) చుట్టలు గానీ, కారు హెడ్‌లైట్ బల్బులు కొన్ని కలిపి గానీ వాడండి. బల్బు ఒకటి మాడినా మిగతావి లోడు మోసేలా ఎక్కువే పెట్టండి. స్తంభం కింద ప్లగ్గు పెట్టుకున్నవాళ్లు కూడా ముందు బ్రేకు వేసి ఆ తర్వాతే ప్లగ్గు పీకాలి.

వైరు సన్నగా ఉంటే కరెంటు దారిలోనే అయిపోతుంది. 30 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరులో ఎనిమిది ఆంపియర్లు పారితే మూడున్నర వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీని స్తంభానికి దగ్గరగా, గాలాడే చోట పెట్టండి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అక్కడ బీడీ వెలిగించొద్దు.

ఇన్వర్టరు తగిలించి ఇంట్లో సాకెట్ కు గుచ్చడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ కు అటు నుంచి కరెంటు లేదు, ఇటు నుంచి మీరు పంపుతున్నారు. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వెనక్కి 11 వేల వోల్టులుగా పెంచగలదు.

తిరుపతి వాళ్లకు వేరే మాట. తిరుమల కాకులకొండ మీద గాలిమరలు తిరగడం చూసి మన మిద్దె మీదా తిరుగుతుందనుకుంటారు. అవి కొండ నెత్తిన ఉన్నాయి. కింద ఊళ్లో గాలి కొండకూ మేడలకూ కొట్టుకుని సుడులు తిరుగుతూ వస్తుంది. రెక్కలు దిక్కు మార్చుకుంటూ ఊగిపోతాయే తప్ప కరెంటు రాదు. పిట్టగోడకో ట్యాంకు దిమ్మెకో బిగిస్తే ఆ అదురుకు సిమెంటు పగులుతుంది, కింద అద్దెకున్నవాళ్లకు నిద్ర ఉండదు. నా మాట వింటే మిద్దె మీదకు సోలారే మేలు.

పొలంలో స్తంభం పాతేటప్పుడు, అది ఎటు పడినా కరెంటు లైనుకు తగలనంత దూరం చూసుకోండి. ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వదలడం మంచిది. స్తంభం మొదలు దగ్గర మడత బందు పెట్టి, పడుకోబెట్టి లేపేలా చేసుకుంటే ఎక్కే పని ఉండదు. స్తంభానికి ఎర్తు కడ్డీ దిగ్గొట్టండి. ఉరిమేటప్పుడు దాని దగ్గరికి పోవద్దు.

రెక్కలకు ఇనుప రేకు వాడకండి. పీవీసీ చవకే కానీ మన ఎండకు రెండు వేసవుల్లో పెళుసెక్కుతుంది. గంటకు 30 కి.మీ. గాలిలో రెక్క కొన గంటకు 180 కి.మీ. దాకా పోగలదు. విరిగితే ముక్క ఎగిరేది రెక్కలు తిరిగే తలంలోనే, పక్కలకూ పైకీ. అందుకే ఆ వరసలో నిలబడి చూడొద్దు, మంచెను ఆ వరసలో కట్టొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వైపు చెవి వేసి ఉంచండి. గాలి గంటకు 62 కి.మీ. చేరితే వాతావరణ శాఖ దాన్ని తుపానంటుంది. హెచ్చరిక రాగానే, గాలి ఇంకా మామూలుగా ఉండగానే బ్రేకు వేసి, రెక్కలు తాడుతో కట్టి, స్తంభం పడుకోబెట్టేయండి. మళ్లీ లేపే ముందు స్టే వైర్ల (స్తంభాన్ని నాలుగు వైపులా లాగి పట్టే తీగల) క్లిప్పులు బిగించి, ప్రతి రెక్క మొదలు దగ్గర బోల్టు రంధ్రాల చుట్టూ గోరుతో గీసి చూడండి. గోరుకు గీత తగిలితే ఆ రెక్క ఒక్కటే మార్చకుండా, బరువు సరిపోయేలా సెట్టు మొత్తం మార్చండి.