చెరువు నుంచి వచ్చేసరికి విస్తరి సిద్ధం: సద్దుల బతుకమ్మ శాకాహార విందు

మా ఇంట్లో సద్దుల బతుకమ్మ నాటి వంట నాది. ఆడవాళ్లు పొద్దుటి నుంచి తంగేడు, గునుగు, బంతి పూలు ముందేసుకుని హాలంతా ఆక్రమిస్తారు. వాళ్లను లేపి పోపు పెట్టమనడం న్యాయం కాదు. నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను, కాబట్టి వంటకూ లెక్క రాస్తాను. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను. పదిహేను మందికి సరిపోతుంది.

మిగతా పండుగలకు లేని చిక్కు ఈ విందుకు ఒకటుంది. నైవేద్యం బతుకమ్మతో పాటు చెరువుకు వెళ్లాలి కనుక వంట సాయంత్రం నాలుగింటికి ముగియాలి. ఆడి, పాడి, బతుకమ్మను సాగనంపి ఇల్లు చేరి విస్తరి ముందు కూర్చునేసరికి రాత్రి తొమ్మిది. ఆ ఐదు గంటల్లో చెడిపోయేది, గట్టిపడేది, నీరుగారేది ఏదీ మెనూలో ఉండకూడదు. పూరీలు, బజ్జీలు అప్పుడే కొట్టివేయండి.

మా మేనకోడలు పుణెలో ఉద్యోగం చేస్తుంది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ ముట్టదు. ఇలాంటివాళ్లు ఇంట్లో ఒకరుంటే చాలామంది చేసే పని, వాళ్లకు విడిగా ఒక చిన్న గిన్నెలో ఏదో వండి మూలన పెట్టడం. అది నాకు నచ్చదు. అందరికీ వండేదే నూనెతో వండి, నెయ్యి గిన్నె పక్కన పెడితే కావలసినవాళ్లు వేసుకుంటారు. నిజానికి మన సద్దుల్లో పాలతో పని ఉన్నది పెరుగన్నానికే. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, నువ్వుల అన్నం, కొబ్బరన్నం నాలుగూ పల్లినూనెతోనే రుచి. మాంసం లేదని గొణిగే బావమరిది ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. దసరా రోజు ఎలాగూ మటన్ ఉంటుందని చెప్పి కూర్చోబెట్టండి. అతనికోసం సోయా ముక్కలను మాంసంలా మసాలా పట్టించి వండకండి. అవి మాంసం రుచీ ఇవ్వవు, పండుగ రుచీ ఇవ్వవు.

ముందు బియ్యం సంగతి. సద్దులకు అన్నం మెతుకు మెతుకు విడిగా ఉండాలి, అందుకు పాత బియ్యం కావాలి. దసరా నాటికి వానాకాలం పంట ఇంకా చేలోనే ఉంటుంది, అంటే దుకాణంలో దొరికేది కిందటి వానాకాలం బియ్యమో, మొన్నటి యాసంగి బియ్యమో. కిందటి వానాకాలం బియ్యమే అడిగి తీసుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో కోతకొచ్చే యాసంగి ధాన్యాన్ని పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది, అందుకే అందులో చాలా భాగం ఉప్పుడు బియ్యంగా పోతుంది. నూక కలిసిన బియ్యంతో పులిహోర చేస్తే అన్నం ముద్దవుతుంది, ఎంత మంచి పులుసు పోసినా లాభం లేదు. గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి చూడండి. విరిగిన గింజలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ బస్తా వదిలేయండి. రకం బీపీటీ 5204 అయినా, తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 అయినా ఫరవాలేదు. రకం కంటే వయసు ముఖ్యం.

చెరువు దగ్గర పంచేదానితో కలిపి మొత్తం రెండున్నర కిలోలు పడుతుంది. నాలుగు రకాలకు అరకిలో చొప్పున రెండు కిలోలు, పెరుగన్నానికి పావుకిలో, ఆఖరున తెల్లన్నానికి పావుకిలో. రోజూ గ్లాసుకు రెండు గ్లాసుల ఎసరు పెట్టేవాళ్లు సద్దులకు పావు తక్కువ రెండు పెట్టండి. చెంచా నూనె, ఉప్పు ఎసరులోనే వేయండి.

ఉడికిన అన్నాన్ని వెంటనే పరిచి ఆరబెట్టాలి కదా, తాంబాలం కోసం చూస్తే ఇంట్లో ఒక్కటీ ఉండదు. అన్నీ బతుకమ్మ కిందకు వెళ్లిపోయి ఉంటాయి. ఉతికిన తెల్ల నూలు పంచెను తడిపి గట్టిగా పిండి, బల్ల మీద పరిచి దానిపై అన్నం ఆరబోయండి. తాంబాలం కంటే ఇదే మేలు, అడుగున చెమ్మ చేరదు. పసుపు డబ్బా కూడా ముందురోజే ఒకటి దాచుకోండి, ఉన్నదంతా గౌరమ్మకు పోతుంది.

ఏ అన్నం ఎప్పుడు కలపాలన్నది దాని ఓర్పును బట్టి ఉంటుంది. చింతపండు పులిహోర అందరికంటే ముందు, పొద్దున పదింటికే. అరకిలో బియ్యానికి అరవై గ్రాముల చింతపండు గుజ్జు, ఎనిమిది ఎండుమిరపకాయలు, వంద మిల్లీలీటర్ల నూనె. గుజ్జును నూనె పైకి తేలేదాకా ఉడికించి కలిపితే రాత్రికి పులుపు మెతుకులోకి దిగుతుంది. పులుపు ఉన్న అన్నం తొందరగా పాడవదు, కాబట్టి దీని గురించి దిగులు లేదు. తర్వాత నువ్వుల అన్నం. వంద గ్రాముల నువ్వులను ఎండుమిరపకాయలతో దోరగా వేయించి పొడి కొట్టాలి. ఈ పొడి తేమను పీల్చేస్తుంది, రాత్రికి అన్నం గొంతులో పట్టుకుంటుంది. అందుకే పోపులో మామూలుకంటే రెండు చెంచాల నూనె ఎక్కువ వేయండి. నిమ్మకాయ పులిహోరకు అన్నం పూర్తిగా చల్లారాక, పోపు కలిపాక, చివరగా రసం పిండాలి. వేడి మీద పిండితే చేదెక్కుతుంది. రసమున్న కాయలు ఆరు చాలు. మాకు నకిరేకల్ నిమ్మ మార్కెట్ దగ్గరే కాబట్టి కాయకు కరువు లేదు.

కొబ్బరన్నం దగ్గర జాగ్రత్త. ఇది మధ్యాహ్నం మూడు దాటాకే. పచ్చికొబ్బరి తురుముతో చేస్తే అక్టోబరు ఉక్కకు రాత్రికి పులిసిన వాసన వస్తుంది. నేను రెండు కుడుకలు, అంటే ఎండుకొబ్బరి చిప్పలు, తురిమి, సన్నమంట మీద వేయించి కలుపుతాను. కమ్మదనం కాస్త తగ్గుతుంది, కడుపు మాత్రం బాగుంటుంది. పచ్చికొబ్బరే కావాలని పట్టుబట్టేవాళ్లు చెరువు దగ్గరే పంచేసి, ఇంటికి తిరిగి తేకుండా ఉంటే మంచిది.

ఇక పెరుగన్నం. గౌరమ్మకు పాలపెరుగుతోనే కావాలని మా అమ్మ నియమం. దాన్ని మార్చే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. అది అలాగే చేసి, మేనకోడలి కోసం పల్లీల పెరుగుతో ఇంకో గిన్నె చేస్తాను. గద్వాల, వనపర్తి వైపు నుంచి వచ్చే పల్లీలు మా సంతలో దొరుకుతాయి. గింజ నిండుగా ఉండి ముడతలు లేనివి ఏరుకోండి.

ఒక గ్లాసు పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు నలిచి తీసేయాలి. మెత్తగా రుబ్బి, మూడు గ్లాసుల నీళ్లు కలిపి, పలుచని గుడ్డలో పిండితే పాలు వస్తాయి. వాటిని సన్నమంట మీద గరిటె తిప్పుతూనే కాయాలి. ఫోను మోగిందని పక్కకు వెళ్తే అడుగంటుతాయి. గరిటెకు అంటుకునేంత చిక్కబడ్డాక దింపి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగండి. ఇప్పుడు తోడు. పాలపెరుగు తోడు వేస్తే చేసిన పనికి అర్థం ఉండదు. నాలుగు పచ్చిమిరపకాయలను కడిగి, తొడిమలు తుంచకుండా, ఆ తొడిమలు పాలలో మునిగేలా వేసి మూత పెట్టండి. తొడిమల మీద సహజంగా ఉండే బ్యాక్టీరియాయే తోడుగా పనిచేస్తుంది. రాత్రంతా కదపకుండా ఉంచాలి. మొదటిసారి తోడుకున్నది కాస్త వదులుగా, మిరప ఘాటుతో ఉంటుంది. దాన్ని తినడానికి వాడకండి. అందులోంచి రెండు చెంచాలు తీసి మరోసారి కాచిన పల్లీల పాలలో వేస్తే, ఈసారి గట్టిగా, శుభ్రంగా తోడుకుంటుంది. అంటే పండుగకు మూడు రోజుల ముందే పని మొదలుపెట్టాలి. అన్నంలో పెరుగు తక్కువ, పల్లీల పాలు ఎక్కువ కలపండి, రాత్రికి సరిగ్గా పులుస్తుంది. అల్లం, కరివేపాకు, ఆవాల పోపు కాస్త గట్టిగా పెడితే పచ్చి పల్లీల వాసన పోతుంది.

రెండు పెరుగన్నాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పాలపెరుగు దాని మీద దానిమ్మ గింజలు, పల్లీల దాని మీద వేయించిన ఎండుమిరపకాయలు వేయండి. గరిటెలు కూడా వేరు. "తేడా తెలియదులే, ఏదైనా పెట్టు" అనే పెద్దమనిషి వంటింట్లోకి వస్తే మర్యాదగా బయటకు పంపండి. తినే మనిషి మాటకు విలువ ఇవ్వలేనప్పుడు పిలవడం ఎందుకు?

నైవేద్యం వాటాను ముందే తీసి పక్కన పెట్టాక ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తగిలే వంటలు మొదలుపెట్టండి. గుత్తివంకాయకు పెద్దగా చెప్పేదేమీ లేదు, అందరికీ తెలిసిందే. కిలోన్నర లేత కాయలు, పల్లీలు, నువ్వులు, కుడుక ముద్ద, చింతపండు పులుసు. మధ్యాహ్నం రెండింటికి దింపితే రాత్రికి నూనె తేలి ఇంకా బాగుంటుంది.

తపాలచెక్క మీద మాత్రం కొంత సమయం పెట్టండి, చల్లారినా దాని రుచి తగ్గదు. కిలో బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లతో చపాతీ పిండికంటే కాస్త మెత్తగా కలపాలి. మందపాటి తపాలా లోపల నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి అంచుల దాకా తడి చేత్తో వత్తుకుంటూ పోవాలి. అడుగున మందంగా, అంచున పలుచగా ఉంటే అంచు మాడి అడుగు పచ్చిగా ఉండిపోతుంది, అంతటా ఒకే మందం రావాలి. వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో రెండు చుక్కల నూనె. మూత పెట్టి సన్నమంట. చిటచిట శబ్దం తగ్గి, నువ్వులు వేగిన వాసన మూత దాటి వచ్చినప్పుడు అంచు దానంతట అదే గిన్నెను వదులుతుంది. అప్పుడే తీయాలి, ముందే గీకితే విరుగుతుంది. రెండో చెక్క వత్తాలంటే తపాలా చల్లారాలి, వేడి గిన్నెలో చేయి పెట్టలేం. అందుకే ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకోటి నీళ్లలో చల్లారేలా రెండు తపాలాలు పెట్టుకోండి.

తీపికి మలీద. "నెయ్యి లేకుండా ముద్ద ఎలా కడతావురా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అరకిలో గోధుమపిండి చపాతీలను వేడిగా ఉండగానే తుంచి, మూడువందల గ్రాముల బెల్లం తురుము, వంద గ్రాముల వేయించిన పల్లీల పొడి కలిపి గట్టిగా నలిపితే చపాతీ వేడికి బెల్లం కరిగి, పల్లీల నూనె దిగి ముద్ద నిలబడుతుంది. చల్లారిన చపాతీతో నిలబడదు. నెయ్యి కావలసినవాళ్లు ముద్ద మీద గుంట చేసి పోసుకుంటారు.

ఈ రోజుల్లో సీతాఫలం కూడా వస్తుంది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉంది. గుజ్జును జల్లెడ మీద చేత్తో రుద్ది గింజలు తీసేయాలి. మిక్సీలో గింజలతో సహా వేయకండి, ఆ గింజ పొడి మంచిది కాదు. ఒక కొబ్బరికాయ చిక్కటి పాలు, కాస్త బెల్లం కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొయ్యి ఎక్కించవద్దు, వేడి చేస్తే సీతాఫలం చేదవుతుంది.

అందరూ చెరువుకు వెళ్లాక వంటింట్లో మిగిలే పని చాలా తక్కువ. ఎనిమిదిన్నరకు తెల్లన్నం, తాండూరు కందిపప్పుతో ముద్దపప్పు కుక్కర్లో పెట్టండి. అవి ఉడికేలోగా పచ్చిపులుసు. మంట మీద కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పుతో నలిపి, పలుచని చింతపండు నీళ్లలో ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర, జీలకర్ర, చెంచా నువ్వుల పొడి, చిటికెడు బెల్లం వేసి కలపడమే. గంటలకొద్దీ ఆడి వచ్చినవాళ్లు సద్దులన్నీ పక్కకు నెట్టి దీనిమీదే పడతారు, తక్కువ చేయకండి. మోదుగ విస్తర్లు వేసి, నెయ్యి గిన్నెనూ పాలపెరుగన్నాన్నీ ఒక చివర పెట్టండి, అడిగిన విస్తరికే వెళ్లాలి. చివర్లో బత్తాయి తొనలు. నల్లగొండలో ఉండి వేరే పండు కొనాల్సిన పని లేదు.

మిగిలినవాటిలో పులిహోర మర్నాడు పొద్దున టిఫినుకు పనికొస్తుంది, తపాలచెక్క రెండు రోజులు ఆగుతుంది. కొబ్బరన్నం, పెరుగన్నం ఆ రాత్రే పంచేయండి. పల్లీల పాలు పిండగా మిగిలిన పిప్పిని పారేయకుండా, ఎండుమిరపకాయలు, చింతపండుతో వేయించి రుబ్బితే మర్నాటి దోసెలకు పచ్చడి అవుతుంది.