లెషాన్ మహాబుద్ధుణ్ణి ఒక్క రోజులో ఎలా చూడాలి?

చైనాలోని సిచువాన్‌లో మిన్, దాదూ, చింగ్‌యీ నదులు కలిసే చోట లెషాన్ నగరం ఉంది. సంగమానికి అభిముఖంగా ఎర్ర ఇసుకరాతి కొండనే తొలిచి మలిచిన 71 మీటర్ల మైత్రేయ బుద్ధుడు అక్కడ కూర్చుని ఉంటాడు. ఆయన్ను ఏ వరుసలో చూడాలన్నదే అసలు సంగతి.

1. సిచువాన్ రాజధాని చెంగ్డూ నుంచి ఉదయాన్నే హైస్పీడు రైలు ఎక్కండి. ప్రయాణం గంట. రైలుకైనా టికెట్లకైనా పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ రోజుల్లో వెళ్లకండి.

2. కొండ ఎక్కకముందే పడవ ఎక్కండి. దీనికి వేరే టికెట్టు. విగ్రహం నిలువెత్తునా కనిపించేది నది మీది నుంచే. ఇది ఇక్కడే ఎందుకు వెలిసిందో కూడా అప్పుడే బోధపడుతుంది. సంగమంలోని సుడిగుండాల్లో పడవలు మునిగిపోతుంటే, నదిని శాంతింపజేయాలని హైతోంగ్ అనే భిక్షువు 713లో పని మొదలుపెట్టాడు. పూర్తికాకుండానే ఆయన కన్నుమూశాడు. చివరికి 803లో వేయ్ గావ్ అనే పాలకుడి హయాంలో పని ముగిసింది.

3. ఇప్పుడు కొండ ఎక్కి తల పక్కన నిలబడండి. చాలామంది ఇక్కడ ఫొటో తీసుకుని కదిలిపోతారు. మీరు మాత్రం కాసేపు ఆగి ఆ ఉంగరాల జుట్టును చూడండి. మొత్తం 18 వరుసలు. వాటిలో 4, 9, 18వ వరుసల దగ్గర వాననీరు పక్కలకు పోయేలా కాలువలు తీశారు. చెవుల వెనక, ఛాతీ దగ్గర కూడా దారులున్నాయి. మెత్తని ఇసుకరాయిలోకి నీరు ఇంకితే శిల్పం కరిగిపోతుంది. పన్నెండు వందల ఏళ్లుగా అది నిలబడడంలో ఈ కాలువల పాత్ర చాలా పెద్దది. శిల్పుల ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

4. తొమ్మిది మలుపుల మెట్లదారిన పాదాల దగ్గరికి దిగండి. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులుంటే పడవతోనే సరిపెట్టుకోవచ్చు.

5. తిరుగుదారిలో మాహావ్ గుహ సమాధులు తప్పక చూడండి. తూర్పు హాన్ రాజవంశ కాలపు (క్రీ.శ. 25–220) ఆ సమాధుల్లో ఒకదాని ద్వారం పైన 37 సెంటీమీటర్ల బుద్ధుడున్నాడు. చైనాలో దొరికిన తొలి బుద్ధ రూపాల్లో అదొకటి. నా దృష్టిలో మహావిగ్రహానికి ఏ మాత్రం తీసిపోదు.

6. సాయంత్రం ఊళ్లో భోజనం చేయండి. శాకాహారులకు ఇక్కడి శీబా టోఫు (సోయా పనీరు) మంచిది. అయితే టోఫు వంటల్లోనూ మాంసం తురుము వేయడం మామూలే కాబట్టి, వద్దని ముందే చెప్పండి.